నీళ్లింకినా బతికే మట్టగిడస

ఎండాకాలం. కుంట అడుగంటింది. బొచ్చెలు, రవ్వలు ఎప్పుడో తేలిపోయాయి. మోకాలిలోతు బురదలో మాత్రం ఏదో కదులుతోంది. చేయి పెట్టి తడిమితే జర్రున జారిపోతుంది. అదే మట్టగిడస!

తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనుకు ఇది చిన్న చెల్లెలు. అక్క మూడడుగుల దాకా పెరిగితే, చెల్లెలు సాధారణంగా జానెడు దాటదు. పాము తలలాంటి తల, ఒంటిమీద నల్లటి చుక్కలు. జర్మన్ శాస్త్రవేత్త బ్లాఖ్ 1793లోనే దీనికి శాస్త్రీయ నామం పెట్టారు. ‘చన్నా పంక్టాటా’ అనే పేరులోని రెండో మాటకు అర్థం కూడా చుక్కలదనే.

బురదలో ఎలా బతుకుతుంది? మొప్పలపైన గాలి పీల్చుకునే ప్రత్యేక అర ఉంటుంది. మధ్యమధ్య పైకొచ్చి గుటక వేసినట్టు గాలి పీల్చుకుంటుంది. పైకి రానివ్వకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. చేప నీళ్లలో మునిగి చావడమంటే ఇదే మరి!

వానలు పడగానే గడ్డి, తుంగ మధ్య గుడ్లు పెడుతుంది. అవి నీటిపై తేలుతాయి. పిల్లలు పెద్దయ్యేదాకా తల్లీతండ్రీ కాపలా కాస్తాయి.

జనగామ కుంటలైనా, మహబూబాబాద్ జిల్లాలో కాకతీయుల ఆడపడుచు మైలాంబ శాసనమున్న బయ్యారం చెరువైనా, భూపాలపల్లి జిల్లా ఘనపురంలోని గణపసముద్రమైనా... నాచు, తుంగ, బురద ఉన్న అంచులే ఈ జాతికి అనువైన ఇల్లు.

ఆ ఇంటికే ఇప్పుడు చిక్కొచ్చింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు. నీళ్లు నిలవాలంటే అది కావాల్సిందే. కానీ అంచుల్లోని తుంగ, గడ్డి కూడా పోతే గుడ్లకు చోటేదీ? 2016 నుంచి సర్కారు చెరువుల్లో ఉచితంగా వదిలిన చేపపిల్లల్లో బొచ్చె, రవ్వ, బంగారుతీగలదే పెద్ద వాటా. వాటిని పెంచేవారికి మట్టగిడస శత్రువు. పిల్లల్ని మింగేస్తుందని, పెంపకపు చెరువుల్లో ముందే ఇప్పపిండి చల్లి చంపేస్తారు. పొలాల మందులు కాలువల వెంట చెరువుల్లోకి దిగడం మరో దెబ్బ.

మృగశిర కార్తె రోజు చేప తినాలన్నది మన ఆనవాయితీ. ఆనాడు గంపలో మట్టగిడస కూడా కనిపించాలంటే పెద్ద పథకాలేం అక్కర్లేదు. చెరువు బాగుచేసేటప్పుడు ఓ మూల కాస్త బురద, నాలుగు తుంగదుబ్బులు వదిలేస్తే చాలు. మిగతాది అదే చూసుకుంటుంది.