వీడియో కాల్‌లో అరెస్టు చేసే పోలీసు లేడు
అపోహలు – వాస్తవాలు

ఇంటర్నెట్ చీకటి కోణం అనగానే డార్క్ వెబ్, ముసుగు వేసుకున్న హ్యాకర్లు గుర్తొస్తారు. మన ఇళ్లలోకి ఆ చీకటి వస్తున్నది మాత్రం మామూలు వాట్సాప్ కాల్ రూపంలోనే. 2024లో దేశ ప్రజలు సైబర్ మోసాల్లో పోగొట్టుకున్న సొమ్ము రూ.22,845 కోట్లని కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు తెలిపింది. అంతకుముందు ఏడాది అది రూ.7,465 కోట్లే. ఈ మోసాల్లో మనిషిని ఆర్థికంగానే కాక మానసికంగానూ కుంగదీసేది ‘డిజిటల్ అరెస్టు’. దాని చుట్టూ ఉన్న అపోహలే మోసగాళ్ల పనిని సులువు చేస్తున్నాయి.

అపోహ: సీబీఐ, ఈడీ, పోలీసులు ఇప్పుడు వీడియో కాల్‌లోనూ అరెస్టు చేస్తున్నారు.

వాస్తవం: డిజిటల్ అరెస్టు అనేది ఏ చట్టంలోనూ లేదు. 2024 అక్టోబరులో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ఈ సంగతే చెప్పారు. పోలీసులు విచారణకు పిలిచే నోటీసులను వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. నిజంగా అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, ఆ విషయం బంధువులకో స్నేహితులకో తెలియజేయాలి. అసలు తేడా ఇక్కడే ఉంది. ఇంట్లోవాళ్లకు చెప్పమంటుంది చట్టం, ఎవరికీ చెప్పొద్దంటాడు నకిలీ పోలీసు.

అపోహ: నా ఆధార్ నంబరు, చిరునామా చెప్పాడంటే నిజమైన అధికారే అయి ఉంటాడు.

వాస్తవం: సిమ్ కార్డుకు, లాడ్జి గదికి, లోన్ దరఖాస్తుకు మనం ఇచ్చిన జిరాక్సులు ఎన్నో చేతులు మారతాయి. లీకైన వివరాలు అంగట్లో సరుకులా అమ్ముడవుతాయి. ఆ నాలుగు వివరాలతోనే కథ మొదలవుతుంది. ‘మీ పేరున పంపిన పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి’ అంటాడు కొరియర్ కంపెనీ ఉద్యోగినని చెప్పుకొనేవాడు. కాల్‌ను ‘ముంబయి పోలీసుల’కు కలుపుతాడు. అక్కడ యూనిఫాం, వెనకాల గోడ మీద అశోక చిహ్నం, వాకీటాకీ మోతలు. ‘కెమెరా ఆపొద్దు, గది దాటొద్దు, ఇది దేశ భద్రత వ్యవహారం’ అన్న హుకుం. ఆపైన మెల్లగా అసలు ప్రశ్న వస్తుంది: ‘మీ ఎఫ్‌డీలు ఎంతున్నాయి?’ పరిశీలన కోసం ఆ సొమ్మును ఫలానా ఖాతాకు పంపమంటాడు, తప్పు లేదని తేలితే తిరిగి వేస్తానంటాడు. బ్యాంకులో ఎవరైనా అడిగితే స్థలం కొంటున్నానని చెప్పమని కూడా వాడే నేర్పిస్తాడు.

అపోహ: చదువురానివాళ్లు, అమాయకులే ఇలా మోసపోతారు.

వాస్తవం: వర్ధమాన్ గ్రూపు అధినేత, 82 ఏళ్ల ఎస్.పి.ఓస్వాల్ 2024లో మోసగాళ్లకు రూ.7 కోట్లు పంపారు. ఆయన్ను నమ్మించడానికి ఏకంగా సుప్రీంకోర్టు విచారణనే నకిలీగా సృష్టించి, అప్పటి ప్రధాన న్యాయమూర్తి పేరు వాడుకున్నారు. మోసగాళ్ల ఆయుధం సాంకేతికత కన్నా భయమే. పరువుగా బతికినవాళ్లకు, పోలీసు స్టేషన్ మెట్లెక్కనివాళ్లకు ఆ భయం ఇంకా ఎక్కువ. పిల్లలు వేరే ఊళ్లోనో విదేశాల్లోనో ఉండి, ఇంట్లో ఇద్దరే మిగిలిన రిటైర్డ్ దంపతులు వీళ్లకు తేలిగ్గా చిక్కుతున్నారు.

అపోహ: ఫోన్ చేసేవాళ్లంతా కరుడుగట్టిన నేరస్థులు.

వాస్తవం: వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి ఏజెంట్లు తమను కంబోడియాకు తరలించారని యువకులు వాపోతే, విశాఖపట్నం పోలీసులు 2024 మే నెలలో ఆ ముఠా గుట్టు రట్టు చేశారు. వెళ్లినవాళ్ల పాస్‌పోర్టులు లాక్కొని, కాంపౌండ్లలో బంధించి, మోసపు కాల్స్ చేయించారు. 2025 మార్చిలో మయన్మార్‌లోని ఇలాంటి మోసపు కేంద్రాల నుంచి బయటపడిన వందల మంది భారతీయులను ప్రభుత్వం వాయుసేన విమానాల్లో స్వదేశానికి తెచ్చింది. వాళ్లలోనూ తెలుగువాళ్లు ఉన్నారు. ఒకే దందా ఇటు తల్లిదండ్రుల పింఛను సొమ్మును, అటు వాళ్ల బిడ్డల ఈడు కుర్రాళ్ల జీవితాలను మింగుతోంది.

అపోహ: వాడుకోని బ్యాంకు ఖాతాను కమీషన్‌కు ఇస్తే తప్పేముంది?

వాస్తవం: దోచిన సొమ్ము ఆ ఖాతాల గుండానే దాటుతుంది. వీటినే ‘మ్యూల్ ఖాతాలు’ అంటారు. ఏటీఎం కార్డు, పాస్‌బుక్, సిమ్ కలిపి కొన్ని వేలకు అమ్ముకున్న విద్యార్థి మీదే ముందు కేసు పడుతుంది. డబ్బు ఎటు పోయిందో తెలియదన్నంత మాత్రాన కేసు నుంచి బయటపడలేరు.

అపోహ: లోన్ యాప్‌లో అప్పు తీసుకున్నాం కాబట్టి ఎంత వేధించినా పడాల్సిందే.

వాస్తవం: భయపెట్టి సొమ్ము గుంజే దందా డిజిటల్ అరెస్టు ఒక్కటే కాదు. 2020 చివర్లో తెలంగాణలో వరుస ఆత్మహత్యలతో ఈ యాప్‌ల ఆగడాలు బయటపడ్డాయి. ఫొటోలు మార్ఫింగ్ చేసి, ఫోన్‌లోని కాంటాక్టులన్నింటికీ పంపి పరువు తీస్తామని బెదిరించడమే వాళ్ల వసూలు పద్ధతి. అప్పు యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, గ్యాలరీ, కాల్ జాబితా చూడకూడదని 2022 సెప్టెంబరు మార్గదర్శకాల్లో రిజర్వు బ్యాంకు తేల్చి చెప్పింది. అప్పు తీర్చాల్సింది నిజమే అయినా, బెదిరింపు మాత్రం నేరమే.

అపోహ: పోయిన డబ్బు ఎలాగూ రాదు, ఫిర్యాదు చేస్తే నలుగురిలో నవ్వులపాలవుతాం.

వాస్తవం: ఓస్వాల్ ఫిర్యాదు తర్వాత పోలీసులు రూ.5.25 కోట్లు వెనక్కి రాబట్టారు. సొమ్ము ఒక ఖాతా నుంచి పది ఖాతాలకు చీలిపోయేలోపే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, అది ఉన్న చోటే నిలిపివేసే వ్యవస్థ ఉంది. సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. సిగ్గుతో రెండు రోజులు ఆగితే మోసగాడికి కావలసిన వ్యవధి మనమే ఇచ్చినట్లు. ఇంకో మాట. కస్టమర్ తన చేతులతో తానే పంపిన సొమ్మును బ్యాంకు దానంతటది తిరిగి ఇవ్వదు. అందుకే తొలి గంటలు అంత కీలకం.

ఈ రోజే ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చుని మూడు మాటలు చెప్పండి. ‘ఎవరికీ చెప్పొద్దు’ అన్నవాడు అధికారి కాడు, ఫోన్ పెట్టేయండి. ఏ అధికారీ విచారణ పేరుతో డబ్బు పంపమనడు. పొరపాటు జరిగినా మేము తిట్టం, ముందు మాకు చెప్పండి. ఈ మూడో మాటను మనసా వాచా నిలబెట్టుకోండి. పిల్లలు కసురుకుంటారన్న భయంతో మోసం సంగతి దాచుకునే పెద్దలు ఉన్నంతకాలం ఏ హెల్ప్‌లైనూ వాళ్లను కాపాడలేదు.