పాత కార్ల బాహ్యభాగాల తొలగింపు

పాత కారుకు తిరిగి రంగు వేయడానికి ముందు దాని బంపర్లు, గ్రిల్లు, బీడింగులు, మోనోగ్రాములు, తలుపు పిడులు, దీపాల చుట్టూ ఉండే క్రోము వలయాలు మొదలైనవాటిని విడదీసి భద్రపరచడాన్ని బాహ్యభాగాల తొలగింపు అంటారు. టింకరింగు, లప్పం, ప్రైమరు, రంగు అనే పనులన్నిటికీ ఇది మొదటి మెట్టు. ఖర్చు తగ్గుతుందని పలువురు ఈ మెట్టును దాటవేసి, ఆ భాగాలపై వార్తాపత్రిక కాగితం అంటించి రంగు కొట్టిస్తుంటారు. అలా వేసిన రంగు కాగితం అంచు వెంబడి గట్టులా ఏర్పడి, మొదట అక్కడే పెచ్చులూడుతుంది.

అవసరం

కారు తుప్పు పట్టేది కంటికి కనిపించే చోట కాదు. బీడింగు క్లిప్పుల కోసం రేకుకు వేసిన రంధ్రాల అంచులలో రంగు పలుచగా ఉంటుంది. బీడింగు వెనుక చేరిన నీరు త్వరగా ఆరదు. స్టెయిన్‌లెస్ ఉక్కు బీడింగు, మామూలు ఉక్కు రేకు తడిలో ఒకదానినొకటి తాకి ఉంటే చిన్న విద్యుత్ ఘటంలా పనిచేస్తాయి. వాటిలో క్షయమయ్యేది రేకే. బీడింగు అల్యూమినియందైతే అదే ముందు తినబడుతుంది.

2022 వరకు కృష్ణా జిల్లాలోను, ఆపై ఏలూరు జిల్లాలోను ఉన్న నూజివీడు వంటి మామిడితోటల ప్రాంతాలలో దీనికి మరొక కారణం తోడవుతుంది. మామిడి పూత కాలంలో తేనెమంచు పురుగులు జిగురు వంటి తియ్యని ద్రవాన్ని విసర్జిస్తాయి. దానిపై నల్లని మసి బూజు పెరుగుతుంది. చెట్టు నీడ చల్లన కదా అని కారును తోటలో నిలిపితే ఆ జిగురు, దానికి అంటుకున్న దుమ్ము బీడింగు అంచులలో పేరుకొని, వానాకాలంలో తేమను పట్టి ఉంచుతాయి. పైన ఎంత కడిగినా లోపలి మురికి పోదు.

విధానం

మొదట బ్యాటరీ తీగలను తప్పించాలి. ప్రతి భాగాన్నీ విప్పకముందే ఫోటో తీసుకోవాలి. మోనోగ్రాము ఉన్న స్థానాన్ని పలుచని కాగితంపై గీసి ఉంచుకుంటే తిరిగి బిగించేటప్పుడు వంకర రాదు. మరలను, క్లిప్పులను వేరువేరు సంచులలో వేసి, కుడి ఎడమలు వ్రాసి పెట్టాలి.

బంపరు బోల్టులు సాధారణంగా తుప్పుతో బిగుసుకుని ఉంటాయి. ముందురోజే తుప్పు వదలగొట్టే నూనె పోసి నాననిచ్చి, మరునాడు పానాతో కొద్దిగా వదులు చేస్తూ, మళ్ళీ కొద్దిగా బిగిస్తూ తిప్పాలి. బలప్రయోగం చేస్తే బోల్టు తల తెగుతుంది. పెట్రోలు ట్యాంకు, గొట్టాలు, రబ్బరు ఉన్నచోట మంటతో వేడిచేయరాదు.

బీడింగు తీయడమే అన్నిటికంటె నేర్పుతో కూడిన పని. స్క్రూడ్రైవరుతో మధ్యలో పట్టి లాగితే రేకు గీచుకుపోతుంది, బీడింగు మడత పడుతుంది; ఒకసారి పడిన మడత పూర్తిగా పోదు. గుడ్డ చుట్టిన చెక్క చీలికను ఒక్కొక్క క్లిప్పు దగ్గరే దూర్చి, చివరినుండి వరుసగా లేపుతూ పోవాలి. జిగురుతో అంటించిన మోనోగ్రామును జుట్టు ఆరబెట్టే యంత్రంతో వెచ్చజేసి, వెనుకనుండి చేపల గాలానికి వాడే నైలాను దారంతో రంపంలా కోస్తే ఊడివస్తుంది.

ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఎండి గట్టిపడితే తీసేటప్పుడు చీలిపోవచ్చు. కొత్త రబ్బరు చేతిలో లేనిదే దాని జోలికి పోకపోవడమే మంచిది. అప్పుడు సన్నని తాడును రబ్బరు అంచు క్రింద దూర్చి అంచును పైకి లేపితే రంగు లోపలివరకు చేరుతుంది.

పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉన్నందున పొడిగా గీకరాదు. నీటితో తడుపుతూ వాటర్ పేపరుతో రుద్దాలి. బయటపడిన తుప్పును పూర్తిగా తొలగించి ప్రైమరు పూయాలి. తుప్పు మీదనే లప్పం పెట్టడం సామాన్యంగా జరిగే పొరపాటు. లప్పం తేమను పీల్చుకుంటుంది కనుక కొద్దికాలానికే అక్కడ బుడగలు వస్తాయి. బీడింగు రంధ్రాలను కూడా లప్పంతో పూడ్చివేసి, రంగు ఆరిన తరువాత వాటికోసం వెదకిన సందర్భాలకు కొదవలేదు.

విడిభాగాల కొరత

అంబాసిడర్, మారుతి 800 రెండింటి ఉత్పత్తీ 2014లో నిలిచిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. కాబట్టి విరిగిన భాగానికి అసలైన కొత్త జత దొరకడం కష్టం; విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత సామానులో వెదకవలసిందే. క్రోము మీది పైపై తుప్పును తడిపిన అల్యూమినియం కాగితంతో రుద్ది పోగొట్టవచ్చు. పూత లేచిపోతే మాత్రం తిరిగి పూయించాలి. ఆ పనిలో వాడే క్రోమియం ద్రావణాలు విషపూరితాలు కనుక ఇంటివద్ద ప్రయత్నించరాదు.

రంగు మార్పు, నమోదు

పాత రంగునే మళ్ళీ వేస్తే నమోదు పత్రంతో పని లేదు. వేరే రంగు వేస్తే ఆ మార్పును రవాణాశాఖ వద్ద ఆర్.సి.లో నమోదు చేయించాలి. 2021లో చేసిన నిబంధనల సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరాలు దాటి, మూలరూపంలో ఉన్న కార్లను వింటేజి వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు.