ఈ నెలలో లంకలో ఎటువైపు?

ఏప్రిల్ వచ్చేసరికి శ్రీలంక పడమటి తీరంలో మూటాముల్లె సర్దుకోవడం మొదలవుతుంది. నెగొంబో, చిలాభం ప్రాంతాల జాలరి కుటుంబాలు కొన్ని పడవలూ వలలూ వంటసామానూ తీసుకుని ద్వీపానికి అవతలి ఒడ్డున ఉన్న ముల్లైత్తీవు, ట్రింకోమలీ తీరాలకు తరలిపోతాయి. ఇసుకలో పాకలు వేసుకుని సెప్టెంబరు దాకా అక్కడే వేట. అటు సముద్రం పోటెత్తే వేళకు మళ్లీ సొంతూళ్లకు. తాతల నాటి నుంచీ ఇదే వరస. ఇప్పుడు సర్ఫింగ్ నేర్పే కుర్రాళ్లూ ఈ దారే పట్టారు. హిక్కడువ, వెలిగమ బీచుల్లో సీజను అయిపోగానే బోర్డులు వ్యాన్ల మీద కట్టుకుని తూర్పున ఉన్న అరుగమ్ బేకి బయల్దేరతారు.

ఇంచుమించు ఆ రోజుల్లోనే మన పిల్లలకు వేసవి సెలవులిస్తారు. ట్రావెల్స్ వాళ్ల వాట్సాప్ మెసేజీలూ అప్పుడే జోరందుకుంటాయి. కొలంబో, క్యాండీ, నువర ఎలియ, బెంటోటా... ఐదు రాత్రులు, ఆరు పగళ్లు. జనవరిలో అమ్మిన ప్యాకేజీనే మే నెలలోనూ అమ్ముతారు. తేదీ మారుతుంది, రేటు కాస్త తగ్గుతుంది, దారి మాత్రం మారదు. అంటే అక్కడి జాలర్లు ఖాళీ చేసి వెళ్లిన ఒడ్డుకే మనం పిల్లల్ని వెంటేసుకుని సముద్రస్నానాలకు వెళ్తున్నామన్నమాట.

‘శ్రీలంకకు ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?’ అని అడుగుతారందరూ. ఆ ప్రశ్నకు ఒక్క జవాబు దొరకదు. మనకు సెలవులు ఎప్పుడో ముందు తేల్చుకుని, అప్పుడు ద్వీపం ఏ పక్క పొడిగా ఉంటుందో చూసుకుంటే ఏడాదిలో చాలా నెలలు హాయిగా తిరిగి రావచ్చు.

కొండకు అటు వాన, ఇటు ఎండ

లంక విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో సగానికి కొంచెం ఎక్కువ. ఆ కాస్త నేల మధ్యలో, కొద్దిగా దక్షిణానికి జరిగి, 2,524 మీటర్ల పిదురుతలాగల శిఖరంతో కొండల గుంపు అడ్డంగా నిలబడింది. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి వచ్చి ఈ కొండల పడమటి ముఖానికి తగులుతుంది. మోసుకొచ్చిన నీరంతా అక్కడే కుమ్మరించి, అవతలికి ఒట్టి వేడిగాలిగా దిగుతుంది. ట్రింకోమలీ, బట్టికలోవా వైపు ఆ గాలిని కచ్చాన్ అంటారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనాల వంతు. అప్పుడు తడిసేది ఉత్తరమూ తూర్పూ. పడమటి వాలులో కొన్నిచోట్ల ఏడాదికి 5,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంటే, ఆగ్నేయ మూలన వెయ్యి కూడా పడని ఊళ్లున్నాయి.

నెల్లూరు, తిరుపతి వాళ్లకు ఇదేమీ వింత కాదు. జూలైలో ఆదిలాబాద్ తడిసి ముద్దవుతుంటే వాళ్లకు ఎండే. అక్టోబరు, నవంబరుల్లో గానీ వాళ్ల చెరువులు నిండవు. మన దగ్గర వందల కిలోమీటర్ల దూరంలో కనిపించే ఆ తేడా లంకలో ఒక్క కొండకు అటూ ఇటూ కనిపిస్తుంది.

చూడాలనుకుంటే క్యాండీ నుంచి బదుల్ల వెళ్లే రైలు మార్గం ఉంది. ఆ దేశంలోకెల్లా ఎత్తయిన స్టేషన్ పట్టిపొల దాటాక ఒక సొరంగం వస్తుంది. లోపలికి వెళ్లేటప్పుడు సెంట్రల్ ప్రావిన్సు, బయటికి వస్తే ఊవా. జూలైలో అయితే సొరంగానికి ముందు మంచుతెర తప్ప ఏమీ కనబడక విసుక్కున్నవాళ్లే అవతల ఎండకు కళ్లు చికిలించుకోవడం కద్దు. టీ తోటల వాళ్లు ఈ కొండ లెక్క మీదే బతుకుతారు. పడమటి వాలులో డింబుల తేయాకు జనవరి నుంచి మార్చి దాకా మంచి అదను మీద ఉంటుంది. తూర్పున ఊవా తేయాకుకు జూలై నుంచి సెప్టెంబరు. పొడిగాలికి ఆకులో సువాసన చిక్కబడుతుంది. కొండల్లో ఎటు తిరగాలో తెలియకపోతే, ఆ నెలలో ఏ పక్క టీ బాగుంటుందో అడిగి అటు వెళ్లడం మంచి ఉపాయం.

తీరం సంగతి వేరు. అక్కడ వానకన్నా కెరటాన్ని చూసుకోవాలి. ఫోన్లో వాతావరణం యాప్ కొలంబోకి పదిరోజులూ ఉరుముల మబ్బు బొమ్మే చూపిస్తుంది, మనం హడలిపోతాం. నిజానికి చాలా రోజులు వాన సాయంత్రం ఓ గంటో రెండు గంటలో దంచి పోతుంది. జూన్‌లో బెంటోటాలో ఆకాశం నీలంగా మెరుస్తున్న రోజులూ ఉంటాయి. కానీ నైరుతి గాలికి సముద్రం రేగి ఉంటుంది, ఒడ్డున ఎర్రజెండా ఎగురుతుంటుంది. మిరిస్సా నుంచి తిమింగలాలను చూపించే పడవలు అప్పుడు బయటికి రావు. ఆ రోజుల్లో హోటళ్లు ఇచ్చే తగ్గింపు మాత్రం నిజమైనదే. ఈతకొలనులో పిల్లలు ఆడుకుంటే చాలు, మేం ఆయుర్వేద చికిత్స చేయించుకుంటాం అనుకునేవాళ్లు నిక్షేపంగా తీసుకోవచ్చు.

మన సెలవులు, వాళ్ల వానలు

సంక్రాంతి సెలవులకు వెళ్తే నైరుతి తీరమే. గాలే కోట, ఉనవటునా, మిరిస్సా, మామూలు ప్యాకేజీలో చూపించేవన్నీ అప్పుడే చూడాలి. నీలి తిమింగలాలు మిరిస్సా దగ్గర నవంబరు నుంచి ఏప్రిల్ మధ్య కనిపిస్తాయి. 2,243 మీటర్ల శ్రీపాద శిఖరం యాత్రాకాలం కూడా డిసెంబరు పౌర్ణమి నుంచి మే నెల వెసాక్ పౌర్ణమి దాకా. ఆ నెలల్లో రాత్రంతా మెట్ల వెంట దీపాలుంటాయి, టీ కొట్లుంటాయి. మిగతా నెలల్లో వానలో, చీకట్లో, ఎవరి టార్చి వాళ్లదే. జనవరిలో తూర్పువైపు వెళ్లకపోవడమే మేలు. పొలన్నరువలో చెరువులు నిండి రోడ్ల మీదికి నీళ్లొచ్చే రోజులవి.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ద్వీపం దాదాపు అంతా కనికరిస్తుంది. కానీ అవి మన పిల్లలకు పరీక్షల రోజులు. మాఘమాసంలో పెళ్లయిన జంటలకూ రిటైరైన వాళ్లకూ ఆ అదృష్టం వదిలెయ్యాల్సిందే.

దసరాకు మాత్రం నేను వద్దనే చెబుతాను. అక్టోబరు, నవంబరుల్లో ఒక గాలి వెళ్లి మరొకటి రావడానికి మధ్య ద్వీపమంతటా మధ్యాహ్నం నుంచి ఉరుములు, వానలు. బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టేదీ ఈ కాలంలోనే. 2023 అక్టోబరు 14న నాగపట్నం నుంచి జాఫ్నా దగ్గరి కాంకేశన్‌తురైకి అట్టహాసంగా మొదలైన ప్రయాణికుల నౌక, వాతావరణం బాగాలేదని కొద్ది రోజులకే ఆగిపోయింది. 2025 నవంబరు చివర దిత్వా తుపాను వచ్చినప్పుడు కొండచరియలు విరిగిపడి, వరదలొచ్చి వందలమంది చనిపోయారు. కొండప్రాంతపు రైలు మార్గం చాలాచోట్ల దెబ్బతింది. అందుకే ఇకమీదట వెళ్లేవాళ్లు రైలు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా నడుస్తోందో కనుక్కున్నాకే హోటలు బుక్ చేసుకోవాలి. దసరా తప్ప వీలు కాదంటే అక్టోబరు మొదట్లోనే వెళ్లి, కొండలు మానేసి, సిగిరియ చుట్టుపక్కల తిరిగి, చూడాల్సినవన్నీ పొద్దున్నే ముగించండి.

ఇక వేసవి సెలవులు. ఏప్రిల్ నెల మధ్యలో సింహళ, తమిళ సంవత్సరాదికి నువర ఎలియలో ఇసకేస్తే రాలనంత జనం. గదుల అద్దెలు చుక్కలనంటుతాయి. ఆ వారం వదిలెయ్యాలి. మే నెల రెండో సగంలో నైరుతి దిగేటప్పుడు పడమట కుంభవృష్టి కురిసే అవకాశం ఎక్కువ. 2017 మే నెల వరదల్లో నైరుతి జిల్లాల్లో రెండువందల మందికి పైగా పోయారు. పడమట అలా కురిసే ఆ రోజుల్లోనే తూర్పు పొడిగా, సముద్రం చెరువులా ఉంటుంది. ట్రింకోమలీలో స్వామిమల మీది కోణేశ్వరం గుడి, అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదిగా మనవాళ్లు కొలిచే శాంకరీదేవి, ఊరికి కాస్త దూరంలో నీలావెలి బీచి, అక్కడి నుంచి పడవలో పావురాల దీవి. మోకాలి లోతు నీళ్లలోనే పగడాల మధ్య రంగురంగుల చేపలు. ఇన్ని ఉన్నా మన ప్యాకేజీల్లో ఈ తీరం అరుదు. పెద్ద హోటళ్లు తక్కువ, కొలంబో నుంచి రోడ్డు మీద ఐదారు గంటల ప్రయాణం, కారణాలు అవే.

ఎండ మాత్రం మన ఎండే, అందులో రాయితీ లేదు. సిగిరియ రాయి ఎక్కేవాళ్లు తలుపులు తీసే వేళకే అక్కడుండాలి. తొమ్మిది దాటితే రాయి పెనంలా కాలుతుంది. ఆగస్టులో వెళ్లగలిగితే ఇంకా మంచిది. మహాసేనుడనే రాజు తవ్వించిన మిన్నేరియ చెరువు వెనక్కి తగ్గుతున్న కొద్దీ బయటపడే పచ్చగడ్డి కోసం ఏనుగులు వందల్లో చేరేది ఆగస్టు, సెప్టెంబరుల్లోనే. చెరువులోకి నీళ్లు ఎక్కువ వదిలి నిండుగా ఉంచిన ఏడాది గడ్డీ తక్కువే, ఏనుగులూ తక్కువే. స్థానిక జీపు డ్రైవర్లను అడిగితే నిజం చెబుతారు.

మే, జూన్‌లకు నేను చెప్పే దారి ఇది. విమానాశ్రయంలో దిగి కొలంబో వైపు తిరగకుండా నేరుగా సిగిరియ. అక్కడ రెండు రాత్రులు, పొలన్నరువ కలిపి. తర్వాత ట్రింకోమలీలో మూడు రాత్రులు, వాటిలో ఒక పూట ఏమీ చెయ్యకుండా. తిరుగు దారిలో క్యాండీ. కొండల్లోని ఎల్ల మీద మనసుంటే క్యాండీ బదులు అటు వెళ్లొచ్చు, అది తూర్పు వాలు కాబట్టి. కొండదారిలో వెళ్లేముందు అక్కడి జాతీయ భవన పరిశోధన సంస్థ ఇచ్చే కొండచరియల హెచ్చరికలు డ్రైవరు చేత చూపించుకోండి. ఆఖరి రాత్రి కొలంబోకి. అక్కడ వాన దంచినా బెంగలేదు, ఆ రోజు ఎలాగూ షాపింగే.