ఏడాదికొక వాక్యం

డిసెంబరు 31 రాత్రి గుంటూరు, ఏలూరు, ఖమ్మం వైపు చాలా చర్చిల్లో ఒక దృశ్యం కనిపిస్తుంది. వాచ్‌నైట్ ఆరాధనలో పన్నెండు దాటి, కొత్త సంవత్సరపు ప్రార్థన అయ్యాక, చిన్న చిన్న కార్డులు బోర్లా పరిచిన పళ్లెం వస్తుంది. మనసులో ప్రార్థించుకుని ఒక్కొక్కరూ ఒకటి తీసుకుంటారు. ‘‘నీకేం వచ్చింది?’’ ‘‘నాకు యెషయా. అమ్మకి కీర్తన వచ్చింది.’’ డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న కొడుకు పేరున తల్లి ఇంకో కార్డు తీసి, ఫోటో కొట్టి వాట్సాప్‌లో పంపుతుంది. ఏడాది పొడవునా ఆ కార్డు బైబిల్లోనో బీరువా తలుపు మీదో ఉంటుంది. దీన్నే మనవాళ్లు ‘ఈ సంవత్సరపు వాగ్దానం’ అంటారు.

ఏడాదికి ఒక మాటను తోడు తీసుకోవడం మంచి అలవాటు. అయితే ఆ మాట ఎలా రావాలి? చేతికి అందినదే దేవుడిచ్చినదా, లేక ఆలోచించి ఎంచుకోవాలా? ఈ రెండు పద్ధతులకూ జర్మనీలో సుదీర్ఘ చరిత్ర ఉంది.

చీటీ పద్ధతికి పేరుపొందిన ఊరు శాక్సనీలోని హెర్న్‌హూట్. మొరావియాలో మతహింస తట్టుకోలేక పారిపోయి వచ్చిన కుటుంబాలు 1722లో జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు భూముల్లో ఆ ఊరు కట్టుకున్నాయి. 1728 మే 3న సాయంత్రపు కూటంలో ఆయన మర్నాటికని ఒక మాట చెప్పాడు. అప్పటినుంచి రోజుకో మాటను ఇంటింటికీ వెళ్లి చెప్పేవారు. 1731 నుంచి అవి ఏడాదికొక పుస్తకంగా అచ్చవుతున్నాయి. నేటికీ ఆ ఊళ్లో రోజుకొక పాత నిబంధన వచనాన్ని చీటీ తీసే నిర్ణయిస్తారు. కానీ పని అక్కడితో అయిపోదు. చీటీలో వచ్చిన వచనాన్ని చదివి, దాని అర్థాన్ని విప్పే కొత్త నిబంధన వచనాన్ని మనుషులు కూర్చుని వెతికి జతచేస్తారు. సగం చేతికి అందినది, సగం బుద్ధిపెట్టి ఏరినది. చీటీని నమ్మినవాళ్లు కూడా చదవడం మానలేదన్నమాట.

ఏడాదంతటికీ ఒకే వాక్యం అనే ఆచారం జర్మనీలో 1930లో మొదలైంది. ఒట్టో రీత్‌ముల్లర్ అనే పాస్టరు యువతుల మధ్య పనిచేసేవారు. వీధుల్లో రాజకీయ నినాదాలు హోరెత్తుతున్న రోజులవి. పిల్లల మనసులో ఆ నినాదాల బదులు బైబిలు మాట నిలవాలన్నది ఆయన తపన. ఈ వార్షిక వాక్యానికి చీటీ లేదు. ఇప్పుడు ప్రొటెస్టెంట్లు, కాథలిక్కులు ఒకచోట కూర్చుని, కొన్నేళ్ల ముందే చర్చించి ఎంచుతారు. వాళ్లు ఎంచినవి చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. 2020కి, నమ్ముతున్నాను గాని నా అపనమ్మకానికి సాయం చెయ్యమని యేసును వేడుకున్న ఒక తండ్రి మొర. 2023కి, ఎడారిలో హాగరు అనే దాసి దేవుణ్ణి తనను చూసేవాడని పిలిచిన మాట. 2025కి, అన్నిటినీ పరీక్షించి మేలైనది చేపట్టమన్న పౌలు హెచ్చరిక. ఒకటి మొర, ఒకటి సాక్ష్యం, ఒకటి ఆజ్ఞ. మన పళ్లెంలో ఇలాంటివి అరుదు. ఆశీర్వాదం, అభివృద్ధి, శత్రువుల మీద జయం, ఇవే ఎక్కువ.

మనకు అతిప్రియమైన కార్డునే తీసుకుందాం. యిర్మీయా 29వ అధ్యాయం, 11వ వచనం. దేవుడు మన విషయంలో మేలే తలస్తున్నాడనీ, మనకు రాబోయే కాలం ఉందనీ దాని భావం. ఉద్యోగం రానివాడికి, పెళ్లి కుదరని ఆడపిల్లకు అది ఎంత ఊరటో నేను కాదనను. కానీ కార్డు మీద దానికి ముందున్న మాట ఉండదు. ఆ వచనం క్రీ.పూ. 597లో బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరంలోది. హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా చక్కబడుతుందని ప్రకటించాడు. జనానికి కావలసిందీ అదే. యిర్మీయా మాత్రం డెబ్బై ఏళ్లన్నాడు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడరు. అందుకే అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చెయ్యండి, మిమ్మల్ని చెరపట్టిన ఊరి క్షేమం కోసం ప్రార్థించండి అని రాశాడు. 11వ వచనం ఆ పనులన్నీ చెప్పాక వచ్చిన వాగ్దానం. పైనున్నది వదిలేసి కార్డు ఒక్కటే పట్టుకుంటే మన చేతిలో మిగిలేది హనన్యా మాటే.

అలాగని పళ్లెం తీసేయమని నేననను. యేసును పట్టించిన యూదా స్థానంలో శిష్యులు మత్తీయను ఎన్నుకున్నదీ చీట్లతోనే. అయితే వాళ్లు ముందు ఎలాంటివాడు కావాలో ఆలోచించారు, ఇద్దరిని నిలబెట్టారు, ప్రార్థించారు, ఆ తర్వాతే చీట్లు వేశారు. మనమూ అలా చెయ్యవచ్చు. డిసెంబరు మొదటి వారంలోనే ఇంట్లో అందరూ కూర్చుని, గడిచిన ఏడాది మనల్ని ఎక్కువగా వేధించింది ఏమిటో మాట్లాడుకోవాలి. అప్పు కావచ్చు, అన్నదమ్ముల మధ్య మాటలు లేకపోవడం కావచ్చు, కోపం కావచ్చు. దానికి తగిన రెండు మూడు అధ్యాయాలు పూర్తిగా చదివి, ఒక వాక్యం ఎంచుకోవాలి. చర్చిలో వచ్చిన కార్డును దాని పక్కన పెట్టుకుంటే హెర్న్‌హూట్‌వాళ్ల పద్ధతే మన ఇంటికీ వస్తుంది.

కార్డు వెనకవైపు ఎలాగూ ఖాళీయే. అక్కడ ఆ మాట ఎవరు, ఎవరితో, ఏ పరిస్థితిలో అన్నారో రెండు ముక్కలు రాసుకోండి. డల్లాస్‌లో ఉన్న అబ్బాయికి ఫోటో పంపేటప్పుడు రెండు వైపులా తీసి పంపండి. ఇక కార్డు తిప్పగానే శత్రువును ప్రేమించమనో, ఉన్నది పంచిపెట్టమనో కనిపిస్తే, దాన్ని పళ్లెంలో తిరిగి పడేసి ఇంకోటి తియ్యకండి.