‘డీర్’కు ‘ఎస్’ ఎందుకు చేరదు?

మొయినాబాద్ మండలం చిలుకూరులో మృగవని జాతీయ ఉద్యానవనం ఉంది. 1994లో ఆ హోదా పొందిన ఈ చిన్న అడవి విస్తీర్ణం సుమారు 3.6 చదరపు కిలోమీటర్లు. చుక్కల జింకలకు, కణుజులకు ఇది ఆవాసం. 2014లో తెలంగాణ రాష్ట్ర జంతువుగా ప్రకటించినది కూడా జింకనే. చేవెళ్ల, మొయినాబాద్ బడిపిల్లలకు ఇంత దగ్గరి జంతువు గురించి ఇంగ్లీషులో రాయమంటే ‘మెనీ డీర్స్’ అని రాసేవాళ్లు ఉంటారు. డాగ్‌కు డాగ్స్, గోట్‌కు గోట్స్ అయినప్పుడు డీర్‌కు డీర్స్ కావాలి కదా అన్నది వాళ్ల తర్కం. ఆ తర్కంలో లోపం లేదు. ‘ఇది మినహాయింపు, బట్టీ పట్టు’ అని ఎర్ర సిరాతో కొట్టేస్తే వాళ్లకు అందేది ఏమీ లేదు. ఎందుకంటే ఈ మినహాయింపు వెనక ఒక నియమం ఉంది. తెలుగు పద్యానికి గణవిభజన చేయడం వచ్చినవాళ్లకు అది ఇట్టే అర్థమవుతుంది.

గురువు తర్వాత రాలిన ‘ఉ’

క్రీ.శ. 450 నుంచి 1100 దాకా ఇంగ్లండులో మాట్లాడిన భాషను పాత ఇంగ్లీషు అంటారు. సంస్కృతంలో లాగే అందులోనూ నామవాచకాలకు మూడు లింగాలు ఉండేవి. పుంలింగ పదాల్లో చాలావాటికి బహువచనంలో ‘అస్’ చేరేది. ఇప్పటి ‘ఎస్’ పుట్టింది దానిలోంచే. నపుంసకలింగ పదాల్లో ఒక పెద్ద వర్గానికి మాత్రం ‘ఉ’ చేరేది. ఓడ ఒకటైతే ‘షిప్’, రెండైతే ‘షిపు’. డీర్, షీప్ కూడా ఈ వర్గానివే. మరి వాటి ‘ఉ’ ఏమైంది?

‘షిపు’లో మొదటి అక్షరం ‘షి’ లఘువు. లఘువు తర్వాత ‘ఉ’ నిలిచింది. జింకను ఆ రోజుల్లో ‘దేఓర్’ అనేవారు. అందులో మొదటి అచ్చు దీర్ఘం, కాబట్టి గురువు. అలాంటి గురువు తర్వాత పదం చివరి ‘ఉ’ పలుకుబడిలో రాలిపోయింది. గొర్రె మాటలోనూ అచ్చు దీర్ఘమే, అక్కడా అదే జరిగింది. ‘వర్డ్’లో అచ్చు హ్రస్వమే. కానీ దాని వెనక రెండు హల్లులు కలిసి ఉన్నాయి. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువని మన ఛందస్సు చెబుతుంది. పాత ఇంగ్లీషు నోటిలోనూ అది గురువే అయింది, ‘ఉ’ పోయింది. అలా ఈ పదాలకు ఏకవచనం, బహువచనం ఒకే రూపంలో మిగిలాయి.

మందను ఒకటిగా చూసే చూపు

తర్వాతి శతాబ్దాల్లో లింగభేదం చెరిగిపోయింది. పుంలింగపు ‘ఎస్’ దాదాపు అన్ని మాటలకూ పాకి వర్డ్స్, షిప్స్, హౌసెస్ వచ్చాయి. డీర్, షీప్, పందికి వాడే స్వైన్ మాత్రం పాత రూపంలోనే ఉండిపోయాయి. వీటిని మనుషులు విడివిడిగా కాక మందగా, వేటగా చూడటం అందుకు ఒక కారణమని భాషాశాస్త్రవేత్తల అభిప్రాయం. వేటగాళ్ల ఇంగ్లీషులో ఏనుగు, సింహం లాంటి మాటలు కూడా బహువచనంలో ‘ఎస్’ లేకుండా వినిపిస్తాయి.

ఈ చూపు మనకు కొత్త కాదు. చేవెళ్ల రైతు ‘వంకాయ తోటకు పురుగు పట్టింది’ అంటాడు. పట్టింది ఒక్క పురుగు కాదని వినేవాళ్లందరికీ తెలుసు. చెరువులో వల వేసినవాళ్లు ‘ఈసారి చేప బాగా పడింది’ అంటారు. లెక్కకు కాక మొత్తానికి విలువ ఉన్నచోట తెలుగు కూడా ‘లు’ను వదిలేస్తుంది.

చేప కథ ఈ వాదానికి బలం ఇస్తుంది. పాత ఇంగ్లీషులో ఫిష్ పుంలింగం, దానికి బహువచనంలో ‘అస్’ ఉండేది. అంటే ధ్వని నియమం దాని జోలికి వెళ్లలేదు. అయినా అది తర్వాత తర్వాత డీర్, షీప్‌ల వరుసలో చేరింది. 1920లో పూర్తయిన గండిపేట జలాశయంలో ఎవరైనా మూడు చేపలు పడితే అవి ‘త్రీ ఫిష్’. కట్ల, రోహు, మ్రిగాల అని మూడు జాతుల గురించి జీవశాస్త్రవేత్త రాస్తే ‘త్రీ ఫిషెస్’ అనవచ్చు.

సంఖ్య తెలిసేదెలా?

తెలుగులో సంఖ్య రెండుచోట్ల కనిపిస్తుంది. ‘జింక పరిగెత్తింది’, ‘జింకలు పరిగెత్తాయి’ అన్నప్పుడు నామవాచకమూ మారింది, క్రియా మారింది. ఇంగ్లీషు డీర్ తాను మారదు కాబట్టి ఆ పని చుట్టూ ఉన్న మాటలు చేస్తాయి. ‘ఎ డీర్’, ‘దిస్ డీర్’ అంటే ఒకటి. ‘దీజ్ డీర్’, ‘మెనీ డీర్’ అంటే ఎక్కువ. ‘ద డీర్ ఈజ్’ అంటే ఒకటి, ‘ద డీర్ ఆర్’ అంటే ఎక్కువ. ముందు ఏ మాటా లేకుండా ‘ఐ సా డీర్’ అంటే చూసింది ఒకదాన్ని కాదని అర్థం. ‘ఎ’ అనే చిన్న మాటను తెలుగు పిల్లలు తరచూ వదిలేస్తారు, మన భాషలో దానికి సమానమైనది లేదు గనుక. డీర్ విషయంలో దాన్ని వదిలితే ఒక జింక మందైపోతుంది.

ఒక్కచోట మాత్రం ఈ ఏర్పాటు చేతులెత్తేస్తుంది. ‘ద డీర్ రాన్’ అన్న వాక్యంలో పరిగెత్తింది ఒకటో పదో వాక్యమే చెప్పదు. భూతకాలంలో ‘వాజ్’, ‘వర్’ తప్ప మిగతా ఇంగ్లీషు క్రియలకు వచనభేదం లేదు. అక్కడ ముందు వెనక వాక్యాలే దిక్కు.

బడిలో తెలుగు పాఠానికీ ఇంగ్లీషు పాఠానికీ మధ్య గోడ ఉండనక్కర్లేదు. పద్యపాదం కింద గురులఘువులు గుర్తించడం నేర్చిన పిల్లకు ‘దేఓర్’, ‘షిపు’ రెండూ బల్ల మీద రాసి గణవిభజన చేయమనండి. ‘ఉ’ ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ రాలుతుందో తనే చెబుతుంది. అలా తన తెలుగుతో కనుక్కున్న నియమం పరీక్ష అయిపోయాక కూడా తనతో ఉంటుంది.