పేరు దాచుకోవడం నేర్చిన సిమ్

2011 జనవరిలో దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్ నగరంలో దాదాపు 400 ట్రాఫిక్ సిగ్నళ్లు పనిచేయకుండా పోయాయి. దానికి కారణం కరెంటు పోవడమో పిడుగు పడడమో కాదు. సిగ్నల్ చెడిపోగానే ఆ కబురు అధికారులకు చేరాలని వాటిలో సిమ్ కార్డులు పెట్టారు. దొంగలు పెట్టెలు పగలగొట్టి ఆ కార్డులు తీసుకెళ్లి, తమ ఫోన్లలో వేసుకుని, నగరం ఖర్చుతో మాట్లాడుకున్నారు.

ఆ కార్డులు మాత్రం తమ పని తప్పు లేకుండా చేశాయి. టవరు ‘నువ్వెవరు?’ అని అడిగితే సరైన జవాబే చెప్పాయి. సిగ్నల్ స్తంభంలో ఉన్నావా, దొంగ జేబులో ఉన్నావా అని వాటిని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పే విద్య వాటికి లేదు. సిమ్ పుట్టింది వేరే పని కోసం.

ప్లాస్టిక్ కార్డులో చిప్పు పొదగాలన్న ఆలోచనతో 1968లో పేటెంటుకు దరఖాస్తు పెట్టినవాళ్లు హెల్ముట్ గ్రోట్రుప్, యుర్గెన్ డెట్‌లోఫ్ అనే ఇద్దరు జర్మన్లు. గ్రోట్రుప్ అంతకుముందు వి-2 రాకెట్లను అదుపుచేసే వ్యవస్థల మీద పనిచేసినవాడు. 1974లో ఫ్రాన్సులో రోలాండ్ మొరెనో కూడా ఇదే దారిలో పేటెంటు తీసుకున్నాడు. ఆ కార్డు సెల్‌ఫోన్‌లోకి చేరడానికి మరో పదిహేడేళ్లు పట్టింది. 1991లో మ్యూనిక్‌లోని గీసెకె అండ్ డెవ్రియెంట్ కంపెనీ మొదటి 300 సిమ్‌లను ఫిన్లాండ్‌లోని రేడియోలింజా అనే ఫోన్ కంపెనీకి అమ్మింది. కరెన్సీ నోట్లు అచ్చువేయడం ఆ మ్యూనిక్ కంపెనీ పాత వృత్తి. దొంగనోటుకూ మంచినోటుకూ తేడా చూపించడం తెలిసినవాళ్ల చేతిలోనే సిమ్ పురుడు పోసుకుందన్నమాట.

ఆ నైపుణ్యం అవసరం కూడా. అంతకుముందటి సెల్‌ఫోన్లు తమ నంబరునూ తయారీ సంఖ్యనూ గాలిలోకి బాహాటంగా చెప్పేసేవి. దారి పక్కన రేడియో స్కానర్ పెట్టుకున్నవాడు వాటిని పట్టి ఇంకో ఫోన్‌లోకి ఎక్కించేవాడు. మాట్లాడేది ఒకరు, బిల్లు వచ్చేది మరొకరికి. కంపెనీలకు నష్టం వచ్చింది. బిల్లు ఎవరి పేరున వేయాలో తేల్చడానికే సిమ్ వచ్చింది. దాన్ని జేబులో పెట్టుకుని తిరిగే మనిషిని కాపాడటం అప్పుడు మొదటి లక్ష్యం కాదు. ఈ పుట్టుమచ్చ దాన్ని చాలాకాలం వదల్లేదని నాకనిపిస్తుంది.

సిమ్ లోపలి ఏర్పాటు ముచ్చటైనది. కార్డులో 128 బిట్ల రహస్య సంఖ్య ఒకటుంటుంది. అదే సంఖ్య కంపెనీ కంప్యూటర్‌లోనూ ఉంటుంది. మూడోచోట ఉండకూడదు. ఫోన్ ఆన్ చేయగానే నెట్‌వర్క్ ఏదో ఒక సంఖ్య పంపి ‘దీనికి జవాబు చెప్పు’ అంటుంది. సిమ్ ఆ సంఖ్యనూ తన రహస్యాన్నీ కలిపి లెక్క కట్టి, 32 బిట్ల జవాబు పంపుతుంది. అక్కడ కంపెనీ కూడా అదే లెక్క చేసుకుని పోల్చి చూస్తుంది. రహస్యం మాత్రం గాలిలోకి రాదు. ప్రతిసారీ ప్రశ్న మారుతుంది కాబట్టి నిన్నటి జవాబు విన్నవాడికి ఇవాళ అది పనికిరాదు. గోరంత చిప్పులో ఇంత పొందిక చూస్తే గౌరవం కలుగుతుంది.

లోపం ఆ లెక్కలో ఉంది. లెక్క కట్టే పద్ధతిని లోకానికి చూపించకుండా దాచిపెట్టారు, పదిమంది గణితజ్ఞులు పరీక్షించే అవకాశం లేకుండా చేశారు. 1998 ఏప్రిల్‌లో అమెరికాలో ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్, మార్క్ బ్రిసెనో అప్పట్లో విరివిగా వాడుతున్న పద్ధతిని ఛేదించారు. కార్డు చేతికి దొరికితే సుమారు లక్షన్నర ప్రశ్నలడిగి, దాని రహస్యాన్ని రాబట్టవచ్చని చూపించారు. మాటలను గుప్తం చేసే 64 బిట్ల తాళంచెవిలో పది బిట్లు ఎప్పుడూ సున్నాలేనని కూడా అప్పుడే బయటపడింది. పది సున్నాలు యాదృచ్ఛికంగా వచ్చి కూర్చున్నాయంటే నేను నమ్మలేను. 2009 డిసెంబరులో కార్‌స్టెన్ నోల్ బెర్లిన్ సభలో ఆ గుప్తీకరణను విప్పే పట్టికలనే అందరి ముందూ పెట్టాడు.

ఇంతకంటే పెద్ద లోపం మరొకటుంది. 2జిలో సిమ్ తానెవరో రుజువు చేసుకోవాలి, టవరు చేసుకోనక్కర్లేదు. ఎవడైనా దొంగ టవరు పెట్టి గట్టిగా సంకేతం పంపితే చుట్టుపక్కల ఫోన్లు దాన్నే నమ్మి చేరతాయి. అది ‘నీ అసలు పేరు చెప్పు’ అంటే చెప్పేస్తాయి. ఆ పేరు చాలామటుకు 15 అంకెలుంటుంది. మన దేశపు సిమ్‌లయితే 404తోనో 405తోనో మొదలవుతుంది. అది తెలిసినవాడికి ఆ మనిషి ఏ ఊరేగింపులో నడిచాడో, ఏ ఆస్పత్రికి వెళ్లాడో పట్టడం కష్టం కాదు. ఫోన్‌లో ఒక్క మాట వినకుండానే మనిషి బతుకంతా గీసుకోవచ్చు.

అశోకవనంలో సీత హనుమంతుణ్ని వెంటనే నమ్మలేదు. సన్యాసి వేషాన్ని నమ్మి ఒకసారి మోసపోయిన మనిషి. ఉంగరం చూశాకే ఆమె మనసు కుదుటపడింది. తిరిగి తన ఆనవాలుగా చూడామణిని ఇచ్చి, తనకూ రాముడికీ మాత్రమే తెలిసిన కాకి కథ చెప్పి పంపింది. ఇద్దరూ ఆనవాలు చూపించుకోవాలన్న ఈ ఇంగితం సెల్‌ఫోన్లకు 3జితో వచ్చింది.

అయినా పేరు దాగలేదు. 4జిలోనూ, టవరు పట్టుబట్టి అడిగితే సిమ్ అసలు పేరు బయటపెట్టేది. ఇందులో ఒక పీటముడి ఉంది. ఎవరి రహస్యంతో పోల్చాలో తెలియాలంటే ముందు పేరు తెలియాలి, పేరు దాయాలంటే ముందు ఇద్దరి మధ్య రహస్యం కుదరాలి. 2018లో పూర్తయిన 5జి మొదటి ప్రమాణాలు ఆ ముడి విప్పాయి. తపాలా డబ్బా చూడండి. ఉత్తరం ఎవరైనా వేయవచ్చు, తీయగలిగేది తాళంచెవి ఉన్నవాడొక్కడే. కంపెనీ తన డబ్బాలాంటి బహిరంగ సంఖ్యను ముందే సిమ్‌లో పెడుతుంది. సిమ్ దానితో తన పేరును మూసి పంపుతుంది. కంపెనీ తప్ప మధ్యలో ఎవరూ విప్పలేరు. పైగా ఒకే పేరు ప్రతిసారీ వేరే రూపంలో వెళుతుంది. కవరు మీద పిన్‌కోడ్‌లా దేశం, కంపెనీ అంకెలు మాత్రం పైకి కనిపిస్తాయి. అవి లేకపోతే ఎక్కడికి చేర్చాలో తెలియదు.

నన్ను బాధపెట్టేది ఒక్కటే. పేరును మూయకుండా పంపే వెసులుబాటు కూడా అదే ప్రమాణంలో ఉంది. ఏది వాడాలన్న నిర్ణయం కంపెనీది. ఇంత కష్టపడి నేర్పిన విద్యను తప్పనిసరి చేసి ఉండాల్సింది.

ఈలోగా సిమ్ యంత్రాల్లోకి చేరింది. ఊడదీయడానికి వీలు లేకుండా 6 మిల్లీమీటర్ల పొడవు, 5 మిల్లీమీటర్ల వెడల్పున్న చిప్పుగా బోర్డుకే అతికిస్తున్నారు. జొహానెస్‌బర్గ్ దొంగతనానికి అది మంచి జవాబే. కానీ 2015 జులైలో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు ఏ చిప్పూ ఊడదీయలేదు. ఇంట్లో కూర్చుని, మైళ్ల అవతల అమెరికా హైవే మీద పోతున్న జీప్ చెరోకీని సెల్ నెట్‌వర్క్ ద్వారా అందుకుని దాని వేగం పడిపోయేలా చేశారు. కారు నడుపుతున్న విలేఖరికి విషయం ముందే తెలుసు. ఆ నెట్‌వర్క్‌లో ఉన్న ఏ పరికరమైనా ఆ కారు తలుపు తట్టవచ్చు, లోపల ‘ఎవరది?’ అని అడిగేవాళ్లు లేరు. సిమ్ వీధిగుమ్మం కాచింది, ఇంట్లో గదులకు గొళ్లేలు లేవు. కారు తయారుచేసిన కంపెనీ 14 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. 2017లో జర్మనీ, దూరం నుంచి చాటుగా వినే వీలున్న పిల్లల చేతిగడియారాల అమ్మకాన్ని నిషేధించింది. వాటిలోనూ సిమ్ ఉంది.

మన ఊళ్లలో బోరు దగ్గర స్టార్టరు డబ్బాకు కలిపే మొబైల్ స్టార్టరూ ఈ కుటుంబంలోదే. అర్ధరాత్రి త్రీఫేజ్ కరెంటొస్తే పాములుండే గట్టు మీద తడిచేతులతో మోటారు దగ్గరికి నడిచే అవసరాన్ని అది చాలామంది రైతులకు తప్పించింది. ఆ మేలు చిన్నది కాదు. మంచం మీది నుంచి ఫోన్ చేస్తే మోటారు ఆడుతుంది, కరెంటు పోతే కబురొస్తుంది. అయితే ఇలాంటి డబ్బాల్లో చాలా వాటికి యజమాని ఆనవాలు ఫోన్ చేసిన నంబరొక్కటే. ఆ నంబరు తమదేనన్నట్టు వేరొకరు మోసంతో చూపించవచ్చు.

వాటిలో 2జి మీద నడిచేవి ఇంకా ఎన్నో ఉన్నాయి. 2021 తర్వాత వచ్చిన కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో దొంగ టవర్ల బెడద తగ్గేలా 2జిని ఆపేసే మీట పెట్టారు. చేలో డబ్బాకు అలాంటి మీట లేదు. ఉన్నా నొక్కే పని లేదు, దానికి తెలిసింది 2జి ఒక్కటే. ఏ టవరు అడిగినా అది తన 15 అంకెలూ చెబుతుంది, ఎదుటివాడి ఆనవాలు అడగడం దానికి ఎవరూ నేర్పలేదు.