పై: అంకెలకు అంతం లేదు, విలువకు హద్దుంది

‘పై’ విలువ 22/7 అని ఒక పుస్తకంలోను, 3.14 అని మరొక పుస్తకంలోను పిల్లలు చదువుతారు. వీటిలో ఏది నిజమని వారు అడిగితే పెద్దలు ఏమని జవాబివ్వాలి? రెండూ అసలు విలువలు కావు, రెండూ దానికి దగ్గరగా ఉన్న విలువలే. ఈ తేడా గ్రహించని విద్యార్థి లెక్క చేయగలడు గాని, తాను చేస్తున్నదేమిటో ఎరుగడు.

వృత్త పరిధిని అరబీలో ‘ముహీత్’ అనీ, వ్యాసాన్ని ‘ఖుత్ర్’ అనీ అంటారు. వృత్తం ఎంత చిన్నదైనా, ఎంత పెద్దదైనా పరిధిని వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య ఒక్కటే. అదే పై.

22ను 7తో భాగించి చూడండి. 3 తరువాత 142857 అనే అంకెల వరుస మళ్లీ మళ్లీ వస్తుంది. కారణం సులభం. 7తో భాగించేటప్పుడు ఇక్కడ మిగలగల శేషాలు 1 నుండి 6 వరకే. ఏడవ మెట్టుకు చేరేలోగా పాత శేషమే తిరిగి రాక తప్పదు. దానితో పాత అంకెలూ తిరిగి వస్తాయి. ఏ భిన్నమైనా ఇంతే: భాగహారం ఎక్కడో ఒకచోట ముగియాలి, లేదా అంకెల వరుస పునరావృతం కావాలి. పైలో ఈ రెండూ జరగవు. అది ఏ భిన్నానికీ సమానం కాదని లాంబర్ట్ అనే గణితవేత్త 1760వ దశకంలో నిరూపించాడు. ఇటువంటి వాటినే కరణీయ సంఖ్యలంటారు.

అంకెలకు అంతం లేదంటే పై అనంతమని అర్థం కాదు. అది 3.14కు, 3.15కు మధ్యనే స్థిరంగా ఉంది. ప్రతి కొత్త అంకె దాని స్థానాన్ని మరింత సూక్ష్మంగా చూపుతుంది, అంతే.

మరి ఎన్ని అంకెలు చాలు? దీనికి సమర్‌ఖండ్‌లో పనిచేసిన గియాసుద్దీన్ జంషీద్ అల్ కాషీ చక్కని మార్గం చూపాడు. భూవ్యాసానికి 6 లక్షల రెట్ల వ్యాసం గల వృత్తాన్ని ఆయన ఊహించాడు. దాని పరిధిలో కలిగే తప్పు గుర్రపు వెంట్రుక మందం కంటే తక్కువ ఉండాలని ముందే నిర్ణయించుకున్నాడు. ఆ తరువాతనే లెక్కకు పూనుకున్నాడు. బహుభుజి భుజాలను పదేపదే రెట్టింపు చేస్తూ 80,53,06,368 భుజాల వరకు వెళ్లాడు. 1424లో పూర్తిచేసిన ‘రిసాలా అల్ ముహీతియ్య’లో రెండు పైల విలువను 16 దశాంశ స్థానాల వరకు సరిగా ఇచ్చాడు. దాదాపు 170 ఏళ్ల పాటు ఎవరూ దానిని మించలేదు.

మీటరు వ్యాసం గల బల్ల అంచును కొలవడానికి 22/7 చాలు. తేడా సుమారు 1.3 మిల్లీమీటర్లే. వ్యాసం కిలోమీటరైతే అదే తేడా మీటరును దాటుతుంది. కనుక పిల్లలకు 22/7 నేర్పండి, కాని అది పైకి ఎంత దగ్గరో, ఎంత దూరమో కూడా నేర్పండి. తన లెక్కలో తప్పు ఎంతకు మించదో చెప్పగలవాడే లెక్క తెలిసినవాడు.